ఒక పెద్దఫిడేలు పుట్టినిల్లు

మన యిండ్లలో ఇత్తడి బిందెమీదను, కంచు చెంబుమీదను పేరు చెక్కించు ఆచారము కలదు. పెండ్లినాడు మేనమామ యిచ్చిన గంగాళముమీద ఆయన పేరును, ఊరును, సంవత్సరమును ఉండును. మూడు తరములు గడచిన పిమ్మట ఆ గంగాళము ఎవరి యింటినుండి ఎవరి యింటికి వచ్చినదో ఆ అక్షరములే చెప్పును. అయితే, సోదరీమణులారా, ఒక సంగతి గమనింపుడు. ఇచ్చినవారి పేరు దానిమీద ఉండును. పుచ్చుకొన్న వధువు పేరును ఉండవచ్చును. దానిని కొట్టి, సాగదీసి, గుండ్రముగా మలచిన కంచరి పేరు మాత్రము ఎక్కడను కానరాదు. ఈ సంగతి మనము నిత్యము చూచుచున్నదే యయినను, దీనిని గూర్చి ఆలోచించుట జర్మనీ దేశమున ఒక పెద్ద వాద్యము చెంత మాకు సంభవించినది. ఆ వాద్యము కథయే ఈ వ్యాసము.

మా మరిది ఎర్లాంగెన్ అను పట్టణమునందలి విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు. అతనిని చూచి వత్తమని మేము దంపతులము వేసవి సెలవులలో పోయితిమి. ఆ పట్టణమునకు ఉత్తరమున, రైలులో కొన్ని నిమిషముల దూరమున, బూబెన్‌రాయిట్ అను గ్రామము గలదు. మరిది అద్దెకున్న ఇల్లు ఆ గ్రామములోనిది. ఇంటి యజమానురాలు ఎనుబది యేండ్లు దాటిన వృద్ధురాలు. మరిది ఆమెను ‘ఓమా’ అని పిలుచుచుండెను. అనగా జర్మను భాషలో అమ్మమ్మ. మేమును ఈ వ్యాసములో ఆమెను అమ్మమ్మగారనియే వ్రాయుదుము.

అమ్మమ్మగారి ముందుగదిలో ఒక మూల, మనిషికన్న ఎత్తుగా, ముదురు గోధుమరంగు గల వాద్యమొకటి గోడకు చేరవేసి యుండెను. దానిని డబుల్ బేస్ అందురు. ఫిడేలు కుటుంబములో అన్నిటికంటె పెద్దది, నిలువునా ఆరడుగులుండును. వాయించువారు నిలుచుండియో, ఎత్తైన పీటమీద కూర్చుండియో, ఒక చేతితో దానిని కౌగిలించుకొన్నట్లు పట్టుకొని, కమానుతో గాని వ్రేళ్లతో గాని నాలుగు లావుపాటి తంత్రులను పలికింతురు. పాశ్చాత్యుల వాద్యబృందములోని కమాను వాద్యములలో అన్నిటికంటె అడుగు స్వరములు దీనివే. మన కచేరీలో తంబుర ఉన్నదని ఎవరును తలపరు. అది ఆగిననాడు గాని దాని విలువ తెలియదు. ఈ వాద్యముది కూడ అటువంటి యోగమే.

దీని పైపలక స్ప్రూస్ అను దేవదారు జాతి చెట్టుది. వెనుక పలకయు, పక్కబద్దలును మేపుల్ కొయ్యతో చేయుదురు. పైపలకకు రెండు పక్కల ఎఫ్ అను ఇంగ్లీషు అక్షరము వంటి రంధ్రములుండును. ఆ రంధ్రముగుండ దీపము చూపి లోనికి తొంగిచూచినచో వెనుక పలకమీద అంటించిన కాగితపు చీటి కనబడును. అదియే ఆ వాద్యపు జాతకచక్రము.

అమ్మమ్మగారి వాద్యములో అట్టి చీటీలు ఒకటి గాదు, నాలుగు ఉండెను. వానిని గూర్చియే ఆమెకొక చింత కలిగెను. ఇంటికప్పు బాగుచేయించుటకు ఆమెకు ధనము కావలసి యుండెను. వాద్యములు కొను వర్తకుడొకడు వచ్చి చూచి, “మొదటి చీటి ఉంచి తక్కినవి తీసివేసినయెడల ఎక్కువ వెల పలుకును” అని చెప్పి పోయెనట. తీసివేయుట సులభమే, తడిగుడ్డ కొంతసేపు ఉంచినచో సరేసు కరగి కాగితము ఊడివచ్చును. అయినను ఆమెకు మనసొప్పలేదు. ఆ నాలుగింటిలో ఒకటి ఆమె తండ్రి స్వహస్తముతో వ్రాసినది. అంతేగాక, ఆ వాద్యమును ఎవరు చేసిరో ఆమె తెలిసికొనగోరుచుండెను. తన తండ్రియే చేసియుండునేమో యను ఆశ ఆమె మనస్సులో చిరకాలముగా ఉండెను.

మావారు బడిపంతులు గనుక పాత అక్షరములన్న ఆయనకు ఆకలిదప్పులు తెలియవు. ఒక టార్చిలైటు, ఒక భూతద్దము, పంటివైద్యులు వాడునట్టి చిన్న అద్దము సంపాదించి, ఆదివారము ఉదయమంతయు మేము ఆ రంధ్రము కడనే కూర్చుంటిమి.

మొదటి చీటి అన్నిటికంటె పెద్దది. లాటిను భాషలో అచ్చువేసి యున్నది. ‘క్రెమోనా వాసియగు ఆంటోనియో స్ట్రాడివారి చేసెను’ అని దాని భావము. దాని క్రింద పదునేడు అని అచ్చుపడి, తరువాతి రెండంకెలు సిరాతో నింపియున్నవి. రెండవది వ్రేలెడు పొడవు గల చిన్న పట్టీ. చెకోస్లొవాకియాలో చేయబడినదని ఇంగ్లీషులో దానిమీద ఉన్నది. మూడవది 1936వ సంవత్సరమున షికాగో నగరమున మరమ్మతు చేసినట్లు చేతివ్రాత. నాలుగవది 1958లో బూబెన్‌రాయిట్‌లో మరమ్మతు చేసినట్లు అమ్మమ్మగారి తండ్రి వ్రాసినది.

మొదటి రెండింటిని పక్కపక్కన చదివినప్పుడు మాకు నవ్వాగలేదు. ఇటలీలోని క్రెమోనా నగరమున నివసించి, లోకమంతయు మెచ్చిన ఫిడేళ్లు చేసిన స్ట్రాడివారి 1737లో మరణించెను. చెకోస్లొవాకియా అను దేశము 1918లో పుట్టెను. చనిపోయిన నూట ఎనుబది యేండ్లకు ఆ మహానుభావుడు లేచివచ్చి, తానెరుగని దేశమున కూర్చుండి ఈ పెద్దవాద్యమును చేసెనని నమ్మవలసి వచ్చెను!

ఈ అబద్ధము ఏ ఒక్కరిదియు గాదు. ఫిడేళ్లలో చీటి అంటించు ఆచారము నాలుగు వందల యేండ్లకు పైబడినది. ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున సాలో అను ఊరిలో 1540లో పుట్టిన గాస్పారో అను శిల్పి బ్రెషియా నగరమున స్థిరపడి, 1609లో చనిపోవువరకు ఇట్టి వాద్యములు చేసెను. అతని చీటీలమీద తన పేరును, బ్రెషియా పేరును ఉండును గాని సంవత్సరముండదు. స్ట్రాడివారి కాలమునకు సంవత్సరమును కూడ వ్రాయుట వాడుకయైనది. మన ప్రబంధములలో ప్రతి ఆశ్వాసము చివర కవి తన తండ్రి పేరును, తన పేరును చెప్పుకొను గద్య యుండును గదా, ఇదియు అట్టిదే. కాని పందొమ్మిదవ శతాబ్దమున ఫిడేళ్లను వేలకొలది చేసి ఎగుమతి చేయు కాలము వచ్చినప్పుడు, స్ట్రాడివారి మాదిరిని అనుసరించి చేసిన వానిలో అతని చీటినే అచ్చువేసి అంటింపసాగిరి. ‘ఇది ఆ మాదిరిది’ అని చెప్పుట మొదటి యుద్దేశము. కొన్నవారి మనుమలు మాత్రము అతడే చేసెనని తలచి మురిసిపోవుచుందురు. మన యిండ్లలోని పాత ఫిడేళ్లలోను ఇట్టి చీటి కనబడుట కద్దు. చూచి గంతులు వేయకుడు.

మరి రెండవ చీటి ఎందుకు పుట్టినది? అమెరికా ప్రభుత్వము 1890లో ఒక సుంకపు చట్టము చేసెను. పరదేశమునుండి వచ్చు ప్రతి వస్తువుమీదను, అది ఏ దేశమున తయారైనదో ఇంగ్లీషులో వ్రాసియుండవలెనని అందులో నియమము. 1891 మార్చి నుండి అది అమలులోనికి వచ్చినది. కాబట్టి దేశము పేరు ఇంగ్లీషులో ఉన్న చీటి చాలవరకు ఆ తరువాతిదని గ్రహింపవచ్చును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప కొంతకాలము జర్మనీనుండి వచ్చిన వానిమీద అమెరికావారి మండలము అని ఉండెను. 1949 తరువాత కొన్నిటిమీద పశ్చిమ జర్మనీ యనియు, కొన్నిటిమీద జర్మను ప్రజాతంత్ర రిపబ్లికు అనియు ఉండెను. జర్మనీలు రెండును 1990లో ఒకటైనవి. చెకోస్లొవాకియా 1993 జనవరి మొదటి తేదీన రెండు దేశములుగా విడిపోయినది. దేశములు పోయినను వాని పేర్లు కొయ్యపెట్టెల చీకటిలో చెక్కుచెదరక యున్నవి. వర్తకుడు ఊడబెరుకుమన్న చిన్న పట్టీయే ఆ వాద్యములో నిజము చెప్పు మొదటి చీటి.

చీటి అబద్ధమాడినను చెట్టు అబద్ధమాడదు. స్ప్రూస్ పలకమీద సన్నని నిలువు గీతలుండును. అవి చెట్టు ఏటేట పెరిగిన వలయములు. చలి మిక్కుటమైన యేడు గీతలు దగ్గరగాను, మంచి యేడు ఎడముగాను పడును. వాని వరుసను తెలిసిన చెట్ల వరుసతో పోల్చి, పలకలోని కడపటి గీత ఏ సంవత్సరమునదో చెప్పగల పండితులు నేడు కలరు. వాద్యము ఆ సంవత్సరమునకు ముందు పుట్టియుండదు. ఎంత తరువాత పుట్టెనో మాత్రము చెట్టు చెప్పలేదు. కొయ్యను ఎన్నేండ్లు ఆరబెట్టిరో దానికేమి తెలియును?

మా చీటీల లెక్కప్రకారము ఈ వాద్యము 1918కిని 1936కును నడుమ చెకోస్లొవాకియాలో పుట్టి, అమెరికాకు పోయినదని తేలినది. పుట్టినిల్లు ఒకచోట, మెట్టినిల్లు మరియొకచోట. తిరిగి జర్మనీకి ఎట్లు వచ్చినదో అమ్మమ్మగారు చెప్పిరి. యుద్ధము తరువాత ఎర్లాంగెన్‌లో అమెరికా సైనికుల శిబిరముండెను. 1958లో ఒక సైనికుడు పగిలిన ఈ వాద్యమును తెచ్చి ఆమె తండ్రికి మరమ్మతు కిచ్చెను. తరువాత స్వదేశమునకు పోవుచు దానిని తీసికొనిపోలేక ఆయనకే అమ్మివేసెను. తండ్రి రంధ్రములోనికి చూచి, “ఇది మన లోయది” అని ఒక్క మాట అని ఊరకుండెనట. ఆ లోయ యెక్కడిదో చూడవలెనని మాకును బుద్ధి పుట్టెను.

మరుసటి శనివారము మరిది కారులో మమ్ము తీసికొనిపోయెను. బైరాయిట్, హోఫ్ పట్టణముల మీదుగా ఈశాన్యమునకు పోయితిమి. హోఫ్ దాటిన పిమ్మట ఒకప్పుడు పశ్చిమ జర్మనీకిని తూర్పు జర్మనీకిని నడుమనున్న సరిహద్దును మేము తెలియకయే దాటితిమి. ముండ్లకంచెలు, కావలి గోపురములు ఉన్నచోట ఇప్పుడు గడ్డి మొలచినది. అచ్చటినుండి కొండలు లేచును. కొండలనిండ స్ప్రూస్ చెట్లే. మిట్టమధ్యాహ్నము కూడ వాని క్రింద నీడ నల్లగా నుండును. ఫొగ్ట్‌లాండ్ అను ఆ సీమలో మార్క్‌నాయ్‌కిర్ఖెన్ అను చిన్న పట్టణము కలదు.

బొహీమియాలో తమ మతమును నిలుపుకొన వీలులేక వలస వచ్చిన ఫిడేలు పనివారు పండ్రెండుమంది 1677లో ఇచ్చట తమ వృత్తిసంఘమును స్థాపించిరి. రెండు శతాబ్దములలో ఆ చిన్న ఊరి సరకు భూమండలమంతయు వ్యాపించెను. ఎంతగా ననగా, 1893 మొదలు 1916 వరకు అమెరికా ప్రభుత్వము ఎగుమతి కాగితములు చూచుటకు ఈ పల్లెటూరివంటి పట్టణమున తన ప్రతినిధి కార్యాలయము నుంచెను. వర్తకుల మేడలు నేటికిని అచ్చట గొప్పగా నిలిచియున్నవి. 1883లో స్థాపించిన వాద్యప్రదర్శనశాలలో లోకములోని నానాజాతుల వాద్యములను చూచితిమి.

అచ్చట మాకు తెలిసిన ముఖ్యమైన సంగతి యొకటి గలదు. ఈ సీమలో ఆ కాలమున ఒక ఫిడేలును మొదటినుండి తుదివరకు ఒక్కరే చేయుట అరుదుగా నుండెను. ఒక యింట మెడను, తలకట్టును మాత్రమే చెక్కెడివారు. వేరొక యింట పెట్టెను మాత్రమే కూర్చెడివారు. ఇంకొక యింట వార్నీషు పూసెడివారు. కమానులు ఒకరు, తంత్రులు ఒకరు, బిరడలు ఒకరు. ఇంటిల్లిపాది ఆ పనిలోనే యుండెడివారు. వర్తకుడు ఇవి అన్నియు కొని, కలిపించి, చీటి అంటించి ఓడ యెక్కించెడివాడు. పేరు స్ట్రాడివారిది, లాభము వర్తకునిది, కష్టము మాత్రము వందల యిండ్లది. పోతన భాగవతమని మనమందు గ్రంథములో గంగన, సింగన, నారయల చేయి ఉన్నదని పండితులెరుగుదురు. వారి పేర్లయినను గ్రంథములో నిలిచినవి. ఈ లోయలో ఆపాటి భాగ్యము కూడ లేదు.

మార్క్‌నాయ్‌కిర్ఖెన్ నుండి కొలది మైళ్లు పోయినచో చెకియా దేశము. 2007 డిసెంబరులో అచ్చటి నిత్యపు తనిఖీని ఎత్తివేసిరి. ఒక ఫలకము తప్ప సరిహద్దు అనుటకు మరేమియు లేదు. అవతల లుబీ అను ఊరు గలదు. దాని పాత పేరు షోన్‌బాఖ్, అనగా అందమైన వాగు. అమ్మమ్మగారు పుట్టిన ఊరిదియే. 1918 వరకు అది ఆస్ట్రియా చక్రవర్తి రాజ్యములో నుండెను. తరువాత చెకోస్లొవాకియాలో చేరెను. 1938లో మ్యూనిక్ ఒడంబడిక వలన హిట్లరు జర్మనీలో కలిసెను. యుద్ధాంతమున 1945లో మరల చెకోస్లొవాకియాకు వచ్చెను. హిట్లరు ఏలుబడిలో చెకు జనులు పడిన బాధలు ఇంతింతగావు. దానికి ఫలముగా యుద్ధానంతరము, జర్మను భాష మాటలాడు జనమును సుమారు ముప్పది లక్షలమందిని ఆ దేశమునుండి వెడలగొట్టిరి. తప్పు చేసినవారును, చేయనివారును, పసిబిడ్డలును ఒకే బండి యెక్కవలసి వచ్చెను. 1946లో ఊరి పేరును మార్చిరి. అమ్మమ్మగారికి అప్పుడు ఎనిమిదేండ్లు. మనిషికి యాబది కిలోల సామాను మాత్రమే తీసికొనిపోవచ్చుననిరట. తండ్రి ఉలులు, బాడిసె, ఒక చిన్న చేతిరంపము మూటగట్టుకొనెను. తల్లి పడకగుడ్డలు కట్టుకొనెను.

నేటి లుబీలో నడిబజారున ఫిడేలు చేయువాని విగ్రహమొకటి గలదు. ఊరు వెడలినవారి పనిని వచ్చినవారు నేర్చుకొని సాగించిరి. ప్రభుత్వపు కర్మాగారము కూడ వెలసెను. దానికి వారు పెట్టిన పేరేమో ఊహింపగలరా? క్రెమోనా! తిరిగి తిరిగి ఇటలీ పేరే. ఒక చెట్టుక్రింద కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తినుచు మేము వాగును చూచితిమి. అది నిజముగనే అందమైన వాగు. దానికి ఎన్ని పేర్లు మారినను నీరు మారలేదు.

వెడలగొట్టబడిన పనివారు జర్మనీలో చెల్లాచెదరైరి. కమాను చేయువాడొకచోట, బిరడలు చేయువాడొకచోట నున్నచో ఆ వృత్తి నిలువదు. ఈ సంగతి వారెరిగినదే. 1949లో బూబెన్‌రాయిట్ గ్రామపెద్దలు వారికి తావిచ్చుటకు అంగీకరించిరి. కొన్ని వందలమంది యున్న సేద్యగాండ్ర పల్లె అది. వచ్చిన వలసజనము ఊరి జనముకంటె ఎన్నో రెట్లు. అట్లయినను ఇండ్లు కట్టుకొని, పనిశాలలు నెలకొల్పి, పాత లోయను క్రొత్త నేలమీద నిలిపిరి. షోన్‌బాఖ్‌లో 1887లో మొదలైన హోఫ్నర్ అను సంస్థ ఇచ్చటికి వచ్చి, 1956లో ఫిడేలు ఆకారముగల బేస్ గిటారు నొకదానిని చేసెను. బీటిల్స్ బృందములోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గు నగరమున అట్టిదానిని కొని ప్రపంచప్రసిద్ధము గావించెను. ఆ పాటలు విన్నవారిలో ఈ గ్రామము పేరు విన్నవారు ఎందరు?

మేము తిరిగివచ్చిన వారమునకు గ్రామములోని మరమ్మతుగాని పనిశాలలో అమ్మమ్మగారి వాద్యపు పైపలకను ఊడదీసిరి. పలకలో పగులుండుటచే అది తప్పనిసరి. పలుచని కత్తిని అంచువెంట జరుపుచు, సరేసు పట్టు విడిపించుచు, రెండు గంటలు శ్రమించిరి. మూత తీసిన పెట్టెలోనికి మేమందరమును వంగి చూచితిమి. తొంబది యేండ్ల నాటి కొయ్యవాసన గుప్పుమనెను.

లోపల చీటీలుగాక పెన్సిలు వ్రాతలు మూడుచోట్ల కనబడెను. పైపలక లోపలివైపున నాలుగంకెల సంఖ్య. వెనుకపలకమీద రెండక్షరములు. మెడ వచ్చి చేరు మొద్దుమీద ఒక గుర్తు. మూడును మూడు చేతులవి. అమ్మమ్మగారు తండ్రి లెక్కలపుస్తకము తెచ్చి పక్కనుంచి పోల్చిరి. ఆయన ఏడంకెకు నడుమ అడ్డగీత గీయును. ఇందులో గీత లేదు. ఆయన అక్షరములు కుడికి వాలును. ఇవి నిటారుగా నున్నవి. ఎంతసేపు చూచినను ఫలము మారలేదు. ఆ వాద్యమును ఆమె తండ్రి చేయలేదు. ఆమె భూతద్దము బల్లమీద పెట్టి, చాలసేపు మాటలాడక కూర్చుండిరి. మాకును ఏమి చెప్పుటకును తోచలేదు.

తరువాత ఆమె లేచి, పెట్టె లోపలి అంచును వ్రేలితో తడిమి మమ్ము పిలిచిరి. పక్కబద్దకును పలకకును అతుకు గట్టిగా నిలుచుటకై అంచులవెంట లోపల సన్నని కొయ్యపట్టీలు అంటింతురు. ఆ పట్టీల పొడుగునా, అంగుళమున కొకటి చొప్పున చిన్న నొక్కులు వరుసగా నుండెను. అవి యేమో మాకు తెలియలేదు. ఆమె నవ్వి, “బట్టలారవేయు క్లిప్పులు” అనిరి.

సరేసు ఆరువరకు పట్టీని బిగించిపట్టుటకు కొయ్య క్లిప్పులనే వాడుదురట. పెద్దవాద్యమునకు అవి చాలవలసి యుండును. “మా యింట ఆ పని అమ్మదియు, అక్కదియు. వంటబల్లమీద సరేసు గిన్నె వేడినీళ్లలో నుండెడిది. నాన్న పట్టీని వంచి యిచ్చిన వెంటనే అమ్మ అంటించును, అక్క క్లిప్పులు పెట్టును. నేను క్లిప్పులు లెక్కపెట్టి అందించుదానను. ఆ దినములలో బట్టలు ఆరవేయుటకు క్లిప్పులు దొరకక అమ్మ విసుగుకొనెడిది. ప్రతి యింటను అంతే” అని ఆమె చెప్పిరి. మరల ఆ నొక్కులను తడిమి, “ఇవి ఎవరి యమ్మవో!” అనిరి. కొంతసేపటికి, “నాన్న ‘ఇది నాది’ అనలేదు. ‘మన లోయది’ అనెను. నేనే సరిగా వినలేదు” అనిరి.

మాకు ఆ మాట ములుకువలె తగిలినది. ఉదయమునుండి మేము ఎవరి పేరు దొరకునా యని వెదకుచుంటిమి. దొరకినది పేరుగాదు, ఒక గృహిణి చేతిపని. ఏ చీటియు దానిని చెప్పలేదు. ఏ చట్టమును దానిని వ్రాయుమని విధింపలేదు. అయినను తొంబదియేండ్లుగా ఆ వాద్యము నిలిచి పలుకుటకు ఆ పట్టీల పట్టు ఒక కారణము.

ఆ సాయంకాలము అమ్మమ్మగారు వర్తకునికి కబురు చేసిరి. చీటీలేవియు తీయుటలేదనియు, ఇష్టమున్నచో ఉన్నది ఉన్నట్లు కొనవలసినదనియు చెప్పిరి. అతడు మరల రాలేదు. వెల తగ్గును, ఇంటికప్పు ఈ యేడు సగమే బాగుపడును. ఆ సంగతి ఆమె ఎరిగియే చేసిరి. స్ట్రాడివారి చీటినైనను తీసివేయవచ్చును గదా యని మావారు అడిగిరి. “అదియు అప్పటివారు అంటించినదే. అబద్ధము నుండనిండు, పక్కన నిజమున్నది” అని ఆమె బదులు చెప్పిరి.

పైపలక మరల అంటించుటకు ముందు ఆమె అయిదవ చీటి నొకటి వ్రాసిరి. సిరా వెలిసిపోవునని పెన్సిలుతోనే వ్రాసిరి. ‘షోన్‌బాఖ్ లోయలో పెక్కు గృహములవారు కలిసి చేసిరి, స్త్రీలును, పిల్లలును ఇందు పనిచేసిరి’ అని వ్రాసి, ఆ సంవత్సరమును వేసిరి. తన పేరు వ్రాయలేదు. మరమ్మతుగాడు దానిని నాలుగవ చీటి క్రింద, తండ్రి వ్రాతకు ఆనించి అంటించెను. మేము బయలుదేరుటకు ముందుదినము సంగీతము నేర్చుకొను ఒక విద్యార్థిని వాద్యమును చూచుటకు వచ్చెను. ఆ పిల్ల వాయించి చూచుటకు ముందే టార్చిలైటు అడిగి లోనికి తొంగిచూచుట మేము గమనించితిమి.

ఇక మన యింటి సంగతి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమ్రానిని తొలిచి వీణలు చేయు కుటుంబములు నేటికిని కలవు. వీణగాని, తంబురగాని, మద్దెలగాని మీ యింట నున్నచో, చేసిన వడ్రంగి ఎవరో పెద్దలనడిగి ఒక కాగితముమీద వ్రాసి ఆ పెట్టెలో నుంచుడు. ఎప్పుడు ఎవరు మరమ్మతు చేసినను, పాతది చింపక దాని క్రిందనే క్రొత్తది చేర్చుడు. క్రొత్తది చేయించుకొనునప్పుడు పనివాని పేరుతోపాటు, నునుపు పెట్టినదెవరు, లక్క కరగించి యిచ్చినదెవరు అని కూడ అడుగుడు. లోపలినుండి ఒక స్త్రీ పేరు వినబడినచో ఆ పేరును ముందుగా వ్రాయుడు.